ఎడమ తలుపు సందు

ఒంగోలు, కర్నూలు రోడ్డు షోరూంలో
కారు మీద కప్పిన ఎర్రగుడ్డ లాగమన్నారు.
లాగాను.
మార్తమ్మ చప్పట్లు కొట్టింది. చిన్నోడు ఈలేశాడు.
ఫోటో తీసే కుర్రాడు
"ఇటు చూసి నవ్వండి ఏసోబు గారూ" అన్నాడు.
నా పేరు చివర గారు తగిలించిన మొదటి మనిషి వాడే.

రంగు పేరు గెలాక్సీ బ్లాకంట.
లోపల్లోపల నవ్వుకున్నాను.
ఇరవయ్యారేళ్ళు చీమకుర్తిలో
ఆ నలుపునే నీళ్ళు పోసి రుద్దినవాణ్ణి.
ఆ మెరిసే చుక్కలు కొన్ని
నా దగ్గులో కూడా ఉన్నాయి.

టైర్ల కింద నిమ్మకాయలు వద్దంది మార్తమ్మ,
పాస్టరుగారిచ్చిన నూనె బానెట్టుకి రాసింది.
నేను మాత్రం చూపుడువేలు ఆనించి
బండి చుట్టూ నడిచాను.
అనుమానం కాదు, అలవాటు.
అన్నానికి ముందు చెయ్యి కడుక్కున్నట్టు.

కుడి తలుపు గీత మీద వేలు సాఫీగా పోయింది.
ఎడమ తలుపు దగ్గర తట్టుకుంది.
పైన సన్నం. కిందికి పోనుపోను వెడల్పు.
పైగా అంచు ఒకవైపు లేచి ఉంది,
సరిగా కుట్టని జేబులాగా.
జేబులో చిల్లర తీసి కొలిచాను.
కుడివైపు రెండు బిళ్ళలు, బిగుతుగా.
ఎడమవైపు నాలుగు పెట్టినా వదులే.
అందులో ఒక ఐదు రూపాయల బిళ్ళ
కానుకపెట్టెలో వేసినట్టు లోపలికి జారిపోయింది.

"అది టాలరెన్సులోనే ఉంది," అన్నాడు మేనేజరు.
"అన్ని బండ్లూ అంతే."
ఈసారి గారు లేదు.

టాలరెన్స్.
ఆ మాట మాకెవరూ చెప్పలేదే!
లాయర్‌పేటలో ఒక డాక్టరు
కొత్త ఇంటి హాల్లో బోర్లా పడుకుని
టార్చి వేసి జాయింట్లు చూశాడు.
తలలోంచి ఒక వెంట్రుక పీకి సందులో పెట్టి
"పట్టింది కదరా" అన్నాడు.
నాలుగు బండలు లేపించాడు.
మూడు రోజుల కూలి పట్టుకున్నాడు.
ఆ వెంట్రుక తెల్లది. ఇప్పటికీ గుర్తే.

సంతనూతలపాడు దాటి అరవైకి పోగానే
తలుపు సన్నగా కూత మొదలుపెట్టింది.
చిన్నోడు అది పాటనుకున్నాడు.
ఎదురుగా రాళ్ళ లారీలు, వాటి వెనక తెల్లటి దుమ్ము.
ఇంటికొచ్చి చూస్తే
సీటు అంచున పొడి, వేలికి మెత్తగా.
ఎక్కడున్నా నన్ను వెతుక్కుంటూ వస్తుంది ఇది.

రాత్రి అందరూ పడుకున్నాక
సెల్లు లైటు వేసుకుని
బండి పక్కన బోర్లా పడుకున్నాను.
పడుకున్నాకే తెలిసింది
ఎవరిలా పడుకున్నానో.

ఆరేళ్ళ జీతం కిస్తీలు కట్టాలి,
కోపం రావాలి. వచ్చింది కూడా.
ఈ తలుపు బిగించినవాణ్ణి తిట్టబోయాను.
ఎవడో, ఎక్కడివాడో,
షిఫ్టు చివర బస్సు టైమై
లైను ఆగకపోతే వాడేం చేస్తాడు?
సరిగ్గా అప్పుడే టంగుటూరు గుర్తొచ్చింది.

పొగాకు బయ్యరు వంటిల్లు అది.
నూట రెండు జ్వరం, మర్నాడు గృహప్రవేశం.
మూలబండ ఒకటి కొంచెం లేచింది, నాకు తెలుసు.
బియ్యం డ్రమ్ము దాని మీదే వస్తుందని
సిమెంటు పూసి వచ్చేశాను.
పదకొండేళ్ళు.
ఎవరూ అడగలేదు.
ఆ ఇంటావిడ డ్రమ్ము జరిపినప్పుడల్లా
కాలి బొటనవేలు తగిలి ఉంటుందేమో.

మార్తమ్మ గుమ్మంలోంచి
"కింద పడుకుని ఏం చేస్తున్నావయ్యా?" అంది.
"బిళ్ళ పడింది" అన్నాను.

సోమవారం షోరూంకి పోతాను.
తలుపు విప్పి మళ్ళీ బిగించమంటాను,
బిగించేదాకా కుర్చీలోంచి లేవను.
తిరిగొచ్చేటప్పుడు
టంగుటూరు మీదుగా...
చూద్దాం. అది దారి కాదు.

ఐదు రూపాయలు ఇంకా లోపలే ఉంది.
స్పీడు బ్రేకరు ఎక్కితే చాలు
ఖణేల్‌మని అడుగుతుంది.