సిగరెట్టు కాయితం

పెంచలాచారి కొట్టు అమ్మేశాడన్న కబురు
విజయవాడ ప్యాసింజరు కంటే ముందే
ఆదివారం పొద్దున మా షెడ్డుకు చేరింది.

షెడ్డంటే బిట్రగుంటలో మా మెట్ల కింద చోటు.
నిలబడితే తల తగులుద్ది.
అందులో ఒక మూడడుగుల లేతు.
దానికి మా ఆవిడ పెట్టిన పేరు సవతి.

మేం ముగ్గురం. పొట్టకూటికి కాదు ఈ పని.
జిలానీ బాషా ఒకప్పుడు లోకో షెడ్డు ఫిట్టరు,
ఆవిరి ఆరిపోయి ఎన్నేళ్లయినా
ఆయన చెవుల్లో ఇంకా కూత.
పళ్ల డాక్టరు ప్రభుదాసు జనం దవడలు చూసి చూసి
విసుగెత్తి, ఇనప దవడల్లో పడ్డాడు.
నేను పోస్టాఫీసులో ముద్రలు గుద్దే మనిషిని.
ముద్రంటే ఏందో నాకు తెలుసు.

కావలి ట్రంకు రోడ్డు వెనక సందులో
ఆచారి చేసిన ప్రతి వైసు మీదా ఒక చిన్న గంట.
వాళ్ల నాయన చెక్కిన అచ్చు. గంట నాలుక వంకర.
ఆ వంకరే అసలుకి ఆనవాలు.
ఇప్పుడా గంట, వంకరతో సహా,
కోయంబత్తూరు కంపెనీ వాళ్లది.
కాయితం రాసిచ్చాడంట, ఇక మీదట
తన చేతి పని మీద తన గుర్తు వేసుకోనని.

బాషా రెండు రోజులు టీ ముట్టలేదు.
డాక్టరు బస్సెక్కి పోయి
కొట్లో మిగిలిన పదకొండు వైసులూ కొనుక్కొచ్చి
మంచం కింద పేర్చాడు.
"పదకొండు నీకెందుకయ్యా?" అంటే
"చచ్చేదాకా చాలవు" అన్నాడు.
నేనేం చెయ్యలా.
నా పాతదానికి నూనె రాసి, గుడ్డ కప్పి,
జొరం తగ్గి పడుకున్న పిల్లోడిని చూసినట్టు చూశా.

నాలుగు నెలలకు కొత్త సరుకు దిగింది,
థర్మాకోలు పెట్టెలో, తళతళ నీలం రంగులో.
గంట ఉంది. నాలుక వంకరా ఉంది,
మిషను చెక్కింది, అన్నిటి మీదా ఒకే లోతున,
కుంటివాడి వెనక నడుస్తా
వాడి నడకను వెక్కిరించినట్టు.

బాషా సిగరెట్టు కాయితం రెండు ముక్కలు చేసి
దవడల ఆ కొసన ఒకటి, ఈ కొసన ఒకటి పెట్టి బిగించాడు.
కుడిది లాగితే చిరిగింది.
ఎడమది లాగితే
ఊడొచ్చింది, అంటించని కవర్లోంచి ఉత్తరంలా.
"చూశారా!" అన్నాడు బాషా.
ఓడినోళ్లకు ఇట్టాంటి గెలుపులే దక్కుతాయి.

ఆ సాయంత్రమే ఆచారి వచ్చాడు.
తెల్ల పంచె. గోళ్లలో నలుపు లేదు.
చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీనట్టు కూర్చున్నాడు.
ముగ్గురం కలిసి కొత్త వైసు ఆయన ముందు పెట్టాం,
తిడతాడని. మా తరఫున తిడతాడని.

పిడి తిప్పాడు. మళ్లీ తిప్పాడు.
"మర భలే కోశారబ్బయా.
నా జన్మలో నాకిట్టా కుదర్లా."
బాషా మొహం మాడిన పెనం.

తర్వాత ఎవురూ అడక్కుండానే
దవడ పలక విప్పి, దాని వెనక పోత ఇనుముకు
నీలం పూసి, నా ఆకురాయి అందుకున్నాడు.
ఇరవై నిమిషాలు మెట్ల కింద మాట లేదు.
రాయి ముందుకు పోయేటప్పుడే కోస్తుంది,
వెనక్కి వచ్చేటప్పుడు ఉత్త ఊపిరి.
పలక బిగించాక అలవాటుగా
కుడి చెయ్యి రొండి దగ్గరికి పోయింది, అచ్చు కోసం.
లేదక్కడ.
పంచె మడత సర్దుకున్నాడు, అందుకే పోయినట్టు.

కాయితాలు పెట్టాం. అటు చిరిగింది. ఇటూ చిరిగింది.

డాక్టరు కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు.
నేనేదో పెద్ద మాట కోసం వెతుక్కుంటున్నా.
ఆచారి అరచెయ్యి చాపి
"యాభై రూపాయలు" అన్నాడు.
"కూలి."

నా జేబులో లేవు.
మా ఆవిడ పోపుల డబ్బాలోంచి తెచ్చిచ్చింది,
ఆవాల వాసనతో.