పన్నెండో బోల్టు

ఆటోనగర్‌లో చివరి వరస మా షెడ్డు.
రేకుల కింద నాలుగు లారీలు, ఒక గొయ్యి,
బిల్లులు రాసే బల్ల దగ్గర నేను.
ముప్ఫయ్యేళ్ళుగా మా సన్నిబాబు మేస్త్రి
ఇంజను విప్పకముందే పొగ చదివేస్తాడు.

నల్లగా వస్తే, "నాజిల్ కారతంది, డీజిల్ తిండి ఎక్కువైంది."
నీలంగా వస్తే, "రింగులు పోనాయి, ఆయిల్ తాగతంది ముసల్ది."
తెల్లగా, కాస్త తియ్యటి వాసనతో వస్తే
ఏమీ అనడు. హెడ్ గ్యాస్కెట్ అని నేనే రాసుకుంటాను.
డ్రైవర్లు ఆయన ముందు
నాలుక చాపి చూపించినట్టు రేజ్ చేసి చూపించేవాళ్ళు.

ముక్కు చీదితే మసి,
క్యారేజీ మూత తీస్తే పప్పుచారులో డీజిలు.
ఒకవైపు స్టీలు ప్లాంటు, ఒకవైపు పోర్టు బొగ్గు,
మధ్యలో మా పొగ ఎవరి లెక్కలోకి వస్తుందిలే అనుకున్నాం.

కార్తీకం చివర్లో వాయుగుండం పట్టింది.
యారాడ కొండ కనిపించడం మానేసింది.
జల్లు కొడుతోందని షట్టర్లు మూడొంతులు దించేశాం.
బ్యాటరీ దిగిపోయిన సిమెంటు లారీ ఒకటి
ఛార్జి కోసం మూల నిలబడి గుడగుడమంటోంది.
గొయ్యిలో జ్ఞానాపురం మోజెస్, పందొమ్మిదేళ్ళవాడు,
చాంబర్ బోల్టులు బిగిస్తూ లెక్కపెడుతున్నాడు,
గుళ్ళో ఫాదర్ గారికి వినపడాలన్నంత గట్టిగా.
తొమ్మిది.
పది.
పదకొండు.

పదకొండు తర్వాత
వాన.

మేస్త్రి చేతిలో టీ గ్లాసు గాల్లోనే ఆగింది.
"ఏటి, గుంటడు పన్నెండు అన్లేదేటి?"

దూకి, చంకల కింద చేతులేసి లాగాం.
మెడ వాలిపోయింది గానీ
స్పానర్ మాత్రం పిడికిట్లోంచి రాలేదు.
దాంతోనే ఆటో ఎక్కించాం, దాంతోనే కేజీహెచ్‌లో దింపాం.
ఆక్సిజన్ పెట్టారు. మర్నాటికి కళ్ళు తెరిచి
"అన్నాలు తినేశారా?" అన్నాడు.

డాక్టరమ్మ చెప్పింది, ఆ విషానికి రంగు లేదు, వాసన లేదు.
మేస్త్రి ఆ మాట మూడుసార్లు చెప్పించుకున్నాడు.
నలుపు కాదా? కాదు.
నీలం? కాదు.
పోనీ, తెలుపు?
వరండా గోడకి జారబడి
తన అరచేతులకేసి చూసుకుంటూ కూర్చున్నాడు,
అంతా చదవడం వచ్చనుకున్న మనిషికి
ఎవరో ఖాళీ కాగితం చేతికిచ్చినట్టు.

రెండు నెలలకి గొట్టం వచ్చింది.
నారింజ రంగు, హార్మణీ తిత్తిలా ముడతలు ముడతలు,
చివర రబ్బరు మూతి. సైలెన్సర్‌కి తగిలిస్తే
కప్పు మీది బ్లోయరు పొగని పుట్టినచోటే పట్టి లాక్కుపోతుంది.
దాని ఖరీదు తల్చుకుని ఓనరు దాలినాయుడు
వారంరోజులు మాతో మాట్లాడలేదు.
మేస్త్రి మొదట్లో దాన్ని కాలితో పక్కకి తోసేవాడు.
"రోగి నోరు కట్టేసి వైద్యం చెయ్యమంటే ఎలాగ?"

అయినా పొగ ఎక్కడికెళ్తుంది?
వెనక మేడ మీద అసిరమ్మ ఆరేసిన దుప్పట్ల మీదికి.
ఆవిడొచ్చి తిట్టిన తిట్లు నా బిల్లు పుస్తకంలో పట్టవు.
గొట్టం ఇంకో పదడుగులు లేపాం.
ఇప్పుడు కొండవైపు పోతోందంటున్నారు.
కొండ ఏమంటోందో ఇంకా తెలీదు.

షెడ్డులో మాత్రం, మధ్యాహ్నం గాలి తిరిగితే
ఉప్పు వాసన.
"సముద్రం ఇంత దగ్గరేటి మనకి?" అన్నాడు మేస్త్రి,
ఈ ఊళ్ళోనే పుట్టినవాడు.

అప్పుడప్పుడు, ఎవరూ చూడ్డంలేదనుకుని,
గొట్టం మూతి ఒక్క క్షణం తప్పిస్తాడు.
నీలం చారిక చూసి, పెదవి విరిచి, మళ్ళీ తగిలిస్తాడు.
నేను తల ఎత్తకుండా
రింగులు, ఒక సెట్టు, అని రాసేస్తాను.

బ్లోయరు హోరులో మాట వినపడదు.
అందుకని మోజెస్‌కి కొత్త రూలు,
ప్రతి బోల్టూ అరిచి చెప్పాలి.
పదకొండు దగ్గర మేస్త్రి చేతిలో ఏదున్నా ఆగిపోతుంది,
ప్రతిసారీ.

వాడు పన్నెండు అంటాడు.
అప్పుడు టీ తాగుతాడు ఆయన,
చల్లారిపోయినా సరే.