తెరవెనక గాజుపలక

తంతా ఆసుపత్రిలో, పిల్లల పళ్ళ విభాగంలో,
ఆకుపచ్చ తెరవెనక నా చోటు.
కవరు చింపేది నేను.
లోపలి అక్షరం చదివేది నేను.
గాజుపలక మీద ముద్ద కలిపేదీ నేనే.
పై అంతస్తులో వేర్లు కొలిచే రిఫాత్ గారికి
ఏ పంట్లో ఏ మందు వెళ్ళిందో తెలియకూడదు.
నా నోటికి తాళం. పదకొండు నెలలుగా.

ఒకటి మూడు మాత్రలు దంచి కలిపిన పొడి.
పచ్చగా ఉంటుంది, క్రిముల పాలిట యముడు,
కాకపోతే పోతూ పోతూ పన్నుకి మరక అంటించి పోతుంది.
ఒకటి సున్నం.
మా పెద్ద డాక్టర్ల చిన్నప్పటి నుంచీ ఉన్నదే, తెల్లగా, మాటామంతీ లేకుండా.
మూడోది తేనెటీగలు పట్టు పగుళ్ళు మూసుకునే జిగురు.
దాని మూత తీస్తే
గదంతా తడిసిన బెరడు వాసన.

షహద్‌కి ఎనిమిదేళ్ళు.
కింది దవడ, ఎడమ పక్క, చీము పట్టిన పన్ను.
"పాలపన్నే కదా, పీకెయ్యండి" అంది వాళ్ళమ్మ.
కాదమ్మా.
ఇది ఆరో ఏట అన్నిటికీ వెనక
చడీచప్పుడు లేకుండా వచ్చి కూర్చున్న పన్ను.
దీని చోటికి మరొకటి రాదు.
వేరు ఇంకా పెరగనేలేదు, కొస బూరలా తెరుచుకునే ఉంది,
లోపలి ప్రాణం మాత్రం ముందే పోయింది.

నాన్న అబ్దుల్ మౌగూద్.
బస్యూన్ అవతల బర్సీమ్ చేలల్లో
నలభై తేనెపెట్టెలు.
బిడ్డకి పట్టుతేనె పేరు పెట్టుకున్నవాడు,
ఆ తేనే ఆ పన్ను తినేసిందేమోనని
కుర్చీ అంచున కూర్చుని తనని తాను తిట్టుకున్నాడు.
మూడు మందుల మాట చెప్పి సంతకం అడిగితే
జేబురుమాలు విప్పాడు.
నల్లగా, రేగుపండంత జిగురు.
"మా పెట్టెలోది. దీన్నే పెట్టండి.
ఈగ తన ఇల్లు బాగుచేసుకునేది దీంతోనే."

కవరు చింపాను.
సున్నం.

గాజుపలక మీద రెండు డబ్బాలూ పక్కపక్కనే.
ఎవరు చూస్తారు?
తెర ఇవతల నేను, అవతల నోరు తెరిచిన పిల్ల,
గుమ్మం దగ్గర చెప్పులు చేత్తో పట్టుకున్న మనిషి.
నా వేలు జిగురు డబ్బా మూత మీద
ఒక్క క్షణం ఎక్కువే ఆగింది.
సున్నమే కలిపాను.
ఆ పూట అన్నం సయించలేదు.

మూడు వారాలకి సున్నం కడిగేసి
డాక్టర్ గీహాన్ సన్నటి సూదిని
వేరు కొస దాటించి గుచ్చింది.
నెత్తురు పైకొచ్చింది.
మిగతా చోట్ల నెత్తురు ఆపడానికి పరుగెడతాం,
ఇక్కడ రమ్మని బతిమాలతాం.
ఖాళీ కాలువ ఎర్రగా నిండి గడ్డకట్టేదాకా
ఎవ్వరం ఊపిరి గట్టిగా తీసుకోలేదు.
షహద్ నా బొటనవేలు పట్టుకుంది, వదల్లేదు,
గోటి గుర్తు సాయంత్రం దాకా ఉంది.

నిన్న రిఫాత్ గారు లెక్కలు తెచ్చారు.
మూడు వరుసలు, మూడూ ఇంచుమించు ఒకటే.
"తేడా చెప్పుకోదగ్గది కాదు" అని
కళ్ళజోడు తీసి తుడుచుకుంటూనే ఉన్నారు.
ఇన్నాళ్ళు ఏ మందు గొప్పదో అడిగాం,
పన్ను మాత్రం
నెత్తురు వచ్చిందా లేదా అనే అడిగినట్టుంది.
ఇది నా మాట. పట్టికలో రాయరు.

షహద్ ఎక్స్‌రే దీపానికి పెట్టి చూశాను.
వెనక వేరు గోడలు మందమయ్యాయి, కొస మూసుకుంది.
ముందు వేరులో ఒక కాలువ
ఇంకా తెరుచుకునే ఉంది, ఎందుకో ఎవరికీ తెలీదు.
ఆరు నెలలాగి రమ్మన్నారు.

వెళ్తూ వెళ్తూ చెప్పింది,
మొన్న ముందు పాలపన్ను ఊడితే
మేడెక్కి సూర్యుడి మీదికి విసిరిందట.
"మరి దీన్నెందుకు విసరలేదు?" అన్నాను.
పాపం, నా ప్రశ్న విని జాలిపడింది:
"ఇది నాది కదా!"

వాళ్ళ నాన్న జిగురుముద్ద
నా సొరుగులోనే ఉంది.
ఎండ ముదిరితే మెత్తబడి
కవర్లన్నిటికీ ఆ వాసన పట్టిస్తోంది.