పప్పు ఉడికేదాక

పెండ్లయి వచ్చిన మూడోనాడు
ఈ ఇంట్ల నేను పెట్టిన తొలి ఎసరు కందిపప్పుది.
పొద్దు నెత్తిమీదికొచ్చినా
గింజ గింజలెక్కనే ఉంది.
గంటెతోని ఒత్తితే
జారి అవతలికి ఉరికింది.

మా వనపర్తి దిక్కు చెరువు కింది బాయినీళ్లు.
పొయ్యిమీద పెట్టి జడ అల్లుకునేలోపు
పప్పు మెత్తగయ్యేది.
ఇక్కడ, చండూరు అవతల,
బోరునీళ్లు చూడనీకి తేటగనే ఉంటయ్,
గిన్నె అడుగున సున్నం అచ్చు పోస్తయ్.

ఒండరాని పిల్లను తెచ్చుకున్నమనుకుంటరని
దండెం మీది తడిచీర చాటుకు పోయి ఏడ్సిన.
ఈదమ్మత్త గోడ వట్టుకొని వచ్చింది,
వంగని మోకాళ్లు, సగమే తిరిగే మెడ.
"ఓ పిచ్చిదానా, తప్పు నీ చేతిది గాదు, నీళ్లది.
మా బొక్కలను వంచినయ్ గని
పప్పును వంచలేకపోయినయ్" అన్నది.
నవ్వితే పండ్ల మీద తుప్పు గీతలు.

చూరు కింద గోలెం పెట్టి పట్టిన వాననీళ్లు
ఆమెకు బంగారం.
తల వోసుకుంటా, ఒక్క చెంబు అంటే
కండ్లు ఎర్రజేసేది.
చుట్టాలొచ్చిన పూట పప్పుకే అవి.
మిగిలిన దినాలు
రాత్రే నానవెయ్యాలె, చుక్క నూనె,
ఎవ్వలు చూడకుంట చిటికెడు సోడా,
ఆ మీద కూసొని ఎదురుచూసుడు.

ఉడకని ఆ రెండు గంటలల్ల
మేమిద్దరం చింతపండు గింజలు తీసేటోళ్లం.
మునుగోడు అంగట్ల ఏడేండ్లప్పుడు తప్పిపోయిన కత చెప్పింది,
పురిట్లనే పోయిన బిడ్డకు
మనసుల పెట్టుకున్న పేరు చెప్పింది,
మామ కల్లు తాగొచ్చి ఏం పాట పాడేటోడో
ఎంత అడిగినా చెప్పలే.
నాకు పదో తరగతి లెక్కలల్ల తొంబై ఒకటి వచ్చినయని నేను చెప్పిన.
ఈ ఇంట్ల ఆ మాట విన్న తొలి మనిషి ఆమెనే.
"తొంబై ఒకటా" అని
గింజలు లెక్కవెట్టినట్టు వేళ్లు మడవబోయింది,
అవి మడవరాలే.

అబద్ధమెందుకు,
వంటంటే నాకు పాణమేం గాదు.
తెల్లారంగనే "ఏం కూర?"
ఆ రెండు ముక్కలు వింటే ఒక్కోనాడు
గంటె గోడకేసి కొట్టబుద్ధయితది.
కోపమొచ్చిననాడు ఉప్పు ఎక్కువైతది.
మా బిక్షమయ్య పల్లెత్తు మాటనడు,
సల్ల రెండుమాట్ల పోసుకుంటడు, గంతే.

అయినా పోపుల ఎల్లిపాయ ఎర్రవడంగ
జీలకర చిటపటమనంగ
ఆ ఒక్క నిమిషం
ఎవ్వలు పిలిచినా పలుకను.
అది నాది.

మొన్న నల్లాల కిష్ట నీళ్లొచ్చినయ్.
వాడంతా బిందెలు, బకీట్లు,
పిలగాండ్లు నోళ్లు పెట్టి తాగుడు.
నేను మాత్రం ఉరికొచ్చి పప్పు కడిగిన.
కుక్కర్ మూడు కూతలు కూసింది.
మూత తీస్తే, గుత్తి వెట్టే పనే లేదు,
వెన్నలెక్క కూసోనుంది.

కంచంల వేసి అత్త ముందల పెట్టిన.
ఒక ముద్ద నోట్లె వెట్టుకొని
కొంచెంసేపు ఎటో చూసింది.
"నమలకముందే పోయింది పిల్లా,
ఇది పప్పేనా?"

ఆమెకు ఆలస్యంగ వచ్చిన నీళ్లు గదా అవి.
నేనేమనాలె.

తెల్లారి అదే యాళ్లకు
చాటల చింతపండు పట్టుకొని
గోడ ఎంబడి పాక్కుంట వచ్చి
పొయ్యికాడ తన జాగల కూసుంది.
కుక్కర్ అప్పటికే దిగింది.
ఇల్లంతా ఉడికిన వాసన.

ఏమనిపిచ్చిందో ఏమో,
ఆ పప్పు పాత సర్వలకు ఒంపి
సన్నమంట మీద మళ్ల పెట్టిన.
"ఇంకా ఉడకలే అత్తా" అన్న.
ముక్కున్న మనిషే, ఎరుకలేదా?
"గీ నీళ్లే గట్ల" అనుకుంట
ఒక గింజ తీసి పక్కకు వేసింది.

మునుగోడు అంగడి కత మళ్ల మొదలైంది.
ఎన్నేండ్లసంది వింటున్ననో,
ఈసారి ఆమె దొరికింది నాయినకు గాదట,
గాజులమ్మే ఒకామెకట,
ఆమె రెండు దినాలు ఇంట్ల ఉంచుకున్నదట,
పుంటికూర పెట్టిందట.
"గియ్యన్ని ఎన్నడు చెప్పకపోతివి" అంటే
"నువ్వెప్పుడన్న అడిగినవా?"

పప్పు అడుగంటింది.
ఆ పూట సల్ల
నేను గూడ రెండుమాట్ల పోసుకున్న.