ముల్లు పచ్చల్నే ఉన్నది

చౌటుప్పల్ నుంచి చిట్యాల దాకా
నా లూనా వెనక రెండు ఎర్ర సిలిండర్లు,
ముందర కాళ్ళ సందున ఒక పొడి బస్తా.
దాబాలోళ్ళు గ్యాసాయన అనుకుంటరు.
కాదు. మంటలు ఆర్పెటోన్ని గూడ కాదు.
ఆర్పే డబ్బాలు నింపెటోన్ని.

ఖాజామియా ఉస్తాద్ చదువుకోలే.
మంటను గాదురా, దాని తిండిని సూడు, అంటుండె.
కట్టె, కాయితం, పత్తి అయితే నీళ్ళు.
పెట్రోలు మీద నీళ్ళు పోసినవా,
నీళ్ళ మీదెక్కి తేలుకుంట నీ దిక్కే వస్తది;
దానికి నురగ కప్పాలె, పాల మీద మీగడ లెక్క.
కరెంటుకు నల్లపట్టీ డబ్బా,
తెల్లగ ఊపిరి ఇడుస్తది, తడి ఉండదు, మరక ఉండదు.
మందుల కంపెనీల కిరసనాయిల్ల మునిగి పండుకుంటదే సోడియం,
దాని జోలికి నీళ్ళు తీస్కపోకు,
ఎండిన ఇసుకనే.
మరి బజ్జీల మూకుడు అంటుకుంటే?
మూత పెట్టు, పొయ్యి బందు పెట్టు,
అన్నిటికీ డబ్బా ఎందుకురా, అని నవ్వుతుండె.

నల్లపట్టీ డబ్బాకు ముల్లుండదు.
నిండుగున్నదో లేదో తూకమే చెప్పాలె.
ఉస్తాద్ రెండు చేతుల్ల ఎత్తి, కండ్లు మూసి
"కిలో తక్కువున్నది" అనేటోడు.
కాంటా మీద పెడితే తొమ్మిది వందల యాభై.
"ఆ యాభై నా ముసలితనం."

పొడి డబ్బాకు ముల్లుంటది.
ముల్లు పచ్చల్నే ఉంటది.
లోపల పొడి మాత్రం ఏండ్లకేండ్లు నిలబడి నిలబడి
గడ్డ గడ్తది, వాన తగిలిన సిమెంటు బస్తా లెక్క.
అందుకే తలకిందులు చెయ్యాలె,
రబ్బరు సుత్తెతోటి నాలుగు దెబ్బలు,
చెవి పెట్టి ఇనాలె, జారిన సప్పుడు.

మొన్నటి మాఘంల, నార్కట్‌పల్లి అవతల జిన్నింగు మిల్లు.
మేనేజరు కుర్చీల నుంచి లేవలే.
పన్నెండు డబ్బాలు, అన్నీ పొడియే, అగ్గువకు దొరికినయని.
పత్తికి నీళ్ళుండాలె సార్, అన్న. ఒక్కసారే అన్న.
"కార్డుల మీద తారీకు మార్చు సాలు,
చెకింగోళ్ళు వస్తున్నరు."
ముల్లు పచ్చల్నే ఉన్నది.
పన్నెండు సంతకాలు.
నా సంతకం మంచిగుంటది, బడిల పంతులు గూడ అన్నడు.

తొమ్మిది దినాలకు గింజ ఒలిచే రోలర్ల కింద రవ్వ లేచింది.
పత్తి మంటకు తొందరుండదు.
పైన తెల్లగ, లోపల ఎర్రగ,
కుప్ప నడుమ బొరియ తవ్వుకుంట పోతది.
వాసన ముందు పట్టింది సాయమ్మ.
ఎవరో పిన్ను గుంజిండ్రు, పిడి నొక్కిండ్రు.
తుస్సుమన్నది.
గాలి వచ్చింది. పొడి రాలే.
ఇంకోటి. అది గూడ తుస్సే.

ఆడోళ్ళే తడి గోనెసంచులు తెచ్చిండ్రు,
తొట్టి ఎండేదాక నీళ్ళు మోసిండ్రు,
కుప్పను బయటికి గుంజి, పరిచి,
మూడు రాత్రులు కావలి కూసున్నరు.
పత్తి ఆరిందనుకుంటే ఆరదు.
సాయమ్మ ఎడమ చెయ్యి మోచేతి దాకా కాలింది.

నల్లగొండ పెద్దదవాఖానకు బత్తాయిలు పట్టుకపోయిన.
"మిల్లు మనిషివా?"
"డబ్బాలు నింపెటోన్ని."
ఆమె నా చేతుల దిక్కు సూసింది, సానాసేపు.
"అయితే అవి నిండుగుండెనా?"
ముల్లు... అని మొదలువెట్టి ఆగిపోయిన.

ఒక్క చేత్తోని బత్తాయి ఒలవరాదు గదా.
కూసోని ఒలిచిన.