ఒత్తుకు చోటు

బెళ్ళందూరులో ఆరో అంతస్తు.
తొమ్మిది దాటింది, ఏసీ ఆపేశారు.
ఇంకా బజారుకెక్కని ఫోను మీద నేను కొట్టిన మాట
కల్ల.
తెర చూపించింది
కల.

గుడ్డి అని కొట్టాను. గుడి అయింది.
గద్ద ఎగిరిపోయి గద మిగిలింది.
అన్నం అడిగితే అనం.
అక్షరాల కాళ్ళ దగ్గర ఎవరో గీత గీసి
కిందిదంతా కోసుకుపోయారు.

మా జట్టు పదకొండుగురిలో తెలుగు చదివేది నేనొక్కదాన్ని.
బగ్గు రాశాను. తీవ్రత: ఎక్కువ.
గంట తిరక్కుండా ఎవరో దాన్ని తక్కువ చేశారు.
తక్కువ కిందా ఒక కావత్తు ఉందనీ
అదీ తెగుతుందనీ
వాళ్ళకెలా తెలుస్తుంది.

నిజానికి ఫాంటులో అక్షరం ఉండదు.
చుక్కలుంటాయి, చుక్కల మధ్య వంపులుంటాయి,
దర్జీ సుద్దముక్కతో గుడ్డ మీద గుర్తులు పెట్టి
ఇంకా కత్తెర అందుకోనట్టు.
ల వస్తుంది, పొల్లు వస్తుంది, మళ్ళీ ల వస్తుంది.
యంత్రం ఒక్క రెప్పపాటు ఆగి
రెండో ల ను మడిచి మొదటిదాని కింద కూర్చోబెడుతుంది.
అప్పుడు వంపును గళ్ళలోకి దించాలి.
గడి నిండితే నలుపు, అంచు తగిలితే బూడిద.
భూతద్దం పెట్టి చూడండి, గుండ్రమనేది ఎక్కడా లేదు,
అన్నీ మెట్లే.
మన కళ్ళే మొహమాటపడి సున్నా అని ఒప్పుకుంటాయి.

దిక్కులేని గుణింతం ఒంటరిగా వస్తే
చుక్కల వలయం ఒకటి తోడిచ్చి నిలబెడుతుంది.
ఇన్ని మర్యాదలు తెలిసిన యంత్రానికి
వరస లోతు మాత్రం ఇంగ్లీషు కొలత.
జీ తోక, వై తోక పడితే చాలనుకుంది.
లక్ష్మి తెలీదు దానికి. రాష్ట్రం అసలే తెలీదు.

హొన్నేశ్ కుర్చీ దొర్లించుకుంటూ వచ్చాడు, హాసన్ వాడు.
"మీకూ మాకూ ఒకే లిపి కదా మేడమ్,
నెత్తిన మీరు టిక్కు పెడతారు, మేం గీత పెడతాం."
తన పేరు కన్నడలో కొట్టి చూసుకున్నాడు.
నావత్తు లేదు.
అయ్యో అన్నాడు.
ఆ యావత్తు మాత్రం గదంతా వినిపించింది.

డిజైను వాళ్ళను రెండు పిక్సెళ్ళు అడిగాను.
బటన్లన్నీ లావైపోతాయన్నారు.
తెలుగువాళ్ళు ఎన్ని ఫోన్లు కొంటారో లెక్క తెమ్మన్నారు.
కల్లకూ కలకూ తేడా ఉండాలి కదండీ అన్నాను.
ఒకాయన నవ్వాడు, మిగతావాళ్ళు క్యాలెండర్ చూసుకున్నారు.

క్యాబు నడిపే వెంకటరాయప్పది చింతామణి.
ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం.
తెలుగు మాట కనబడితే
కన్నడ కళ్ళతో తడుముకుంటూ చదువుతాడు.
సిల్క్ బోర్డు దగ్గర వాన. ముందు లారీ, వెనక లారీ.
ఫోను నా చేతికిచ్చాడు,
"మా బామ్మర్ది ఏం రాసినాడో చూడక్కా."

పాత ఫోను, గాజుకు అడ్డంగా పగులు.
డబులు పంపినా, అని ఉంది.
బావత్తును నేనే నోట్లో వేసుకుని చదివాను,
"డబ్బులు పంపాడట."

వైపర్ రెండుసార్లు అటూ ఇటూ తిరిగింది.
"వాడి మాటలా? ఒట్టి కల్ల" అన్నాడు.

ఎంత నిండుగా పలికాడో!
పై ల కింది ల ను ఒత్తి పట్టుకుని
నాలుక అంగిట్లో ఆగి, ఆగి, వదిలింది.
ఏ గీతా దాన్ని కోయలేకపోయింది.

శుక్రవారం జవాబొచ్చింది.
ఒక పిక్సెల్ ఇచ్చారు.

కల్ల అని కొట్టాను.
కింద లావత్తు నెత్తి మాత్రం కనిపిస్తోంది,
చెరువులో మెడదాకా దిగినవాడిలా.
బగ్గు మూసేయమని రెండుసార్లు అడిగారు.
ఇంకా మూయలేదు.