గురువారం కత్తిరింపు

రీమ్ మేడమ్ కాయితం మీద
తోట అప్పటికే పూర్తయింది.
గుండ్రటి గీతలు చెట్లు,
చుక్కలు చుక్కలుగ గులకరాళ్ళు,
మూలకు నీలం మరక: కూసొని చూసేటందుకు నీళ్ళు.
నాకు మిగిలింది తవ్వుడు.

వక్రాల, సముద్రం వాసనొచ్చే గల్లీల తెల్ల విల్లా.
అరుగు తీర్గ కట్టిన సిమెంటు బల్ల,
దానెనుక ఉత్త గోడ.
"ఈ గోడకు ఊపిరి కావాలె" అన్నది మేడమ్.
నేను చెయ్యి పెట్టి చూసిన.
పొద్దుగాల ఎనిమిదింటికే పెంక లెక్క కాలుతున్నది.

మొదలు లావెండర్ తెచ్చిర్రు.
యాభై కుండీలు, ఓడ దిగి, ఏసీ బండి దిగి
జూన్ దాటలే.
తర్వాత బూడిదరంగు గడ్డి, పేరు నోరు తిరగనిది.
జులైల అది నిజంగనే బూడిదైంది.
ఇంటాయన ఫోన్ల ప్లాస్టిక్ ఆకుల గోడ చూపిచ్చిండు:
నీళ్ళక్కర లేదు, చావు లేదు.
మేడమ్ మొఖం వాడిపోయింది,
చచ్చిన మొక్కలకంటె ఎక్కువ.

ఆ దినం నా అంగీ జేబుల
బుచ్చిమల్లు ఇచ్చిన పొట్లమున్నది.
గోలీల కవర్ల మడిచిన గింజలు,
కోరుట్ల అంగట్ల కొన్నయి.
క్యాంపుల పోద్దామంటె మట్టేది?
ఉన్నదంత ఉప్పు, సిమెంటు, బూట్ల దుమ్ము.
నేనేం ఆలోచన చెయ్యలే.
డ్రిప్ పైపు ఎంబడి, వేలు లోతుల,
గోడ పొడుగూత పెట్టుకుంట పోయిన.
పైపు అందని కాడ
ఏసీలు కార్చే నీళ్ళు బకెట్ల పట్టి పోసిన.
లోపలోళ్ళ సలువకు బయట పట్టిన చెమట అది.

నలభై దినాలకు
ఎర్ర కాడలు మోకాలెత్తు లేచినయి.
రాత్రి కిందికెళ్ళి లైట్లేస్తె
ఆకుల నీడలు
వేళ్ళు సాపి గోడను తడుముతున్నయి.
మేడమ్ కారు దిగి అట్లనే నిలబడ్డది.
"ఇదేం మొక్క?"
పుంటికూర అని నాలిక కొసకొచ్చింది.
"హైబిస్కస్, మేడమ్" అన్న.
అబద్ధం కాదు,
నర్సరీల రెండేండ్లు చేసినోణ్ణి,
మొక్కల చుట్టరికాలు తెలుసు.
ఆమె కాయితం మీద రాసుకున్నది:
అలంకార మందారం, ఎర్ర కాడ,
ఎత్తు రెండడుగులు దాటొద్దు.

దాటొద్దంటె కత్తిరించాలె గద!
గురువారం గురువారం
చిగుళ్ళు తుంపి సంచి నింపుత.
"చెత్త ఎక్కడ పారేస్తవ్?" అని సూపర్‌వైజర్.
"క్యాంపు కాడ."
అదీ అబద్ధం కాదు.

శుక్రవారం సనయ్యల, ఎనిమిది మంచాల అర్రల,
ఎల్లిపాయ పోపు సప్పుడు.
బుచ్చిమల్లు పప్పు గుత్తి చేతబట్టి
ఎవ్వలతోని మాట్లాడడు.
పక్కర్ర నేపాలోళ్ళు గిన్నెలు పట్టుకొని
తలుపు కాడ ఉత్తగనే నిలబడ్డట్టు నిలబడుతరు.

అక్టోబర్ల పూసినయి.
పలుచటి పసుపు, నడుమ ముదురెరుపు,
పొద్దెక్కితె ముడుసుకునేటియి.
ఇంట్ల వంట చేసే సఅద్, ఈజిప్టాయన,
సిమెంటు బల్ల మీద కూసొని
ఒక ఎర్ర కాయ తుంపి కొరికిండు.
కండ్లు మూసిండు.
"కర్కదే" అన్నడు,
ఎవలనో ఇంట్లకు పిలిచినట్టు.
"పుంటికూర" అన్న నేను.
ఇద్దరం ఒక్కసారే ఎనుకకు మర్లి చూసినం.
కూరకు ఆకులు నాకు, చాయకు కాయలు నీకు.
మాట లేదు, వేళ్ళతోనే ఒప్పందం.

నిన్న ఇంకో విల్లా కాయితం వచ్చింది.
అవే గుండ్రటి గీతలు, అదే నీలం మరక.
గోడెంబడి సన్న అక్షరాలల్ల:
అలంకార మందారం, నూట ఇరవై.
నాలుగర్రల కూర అని లెక్క కట్టిన.

గింజలకని
పాత తోట మూలకు, నీళ్ళ పక్కపొంటి, ఒక్కదాన్ని
కత్తెర ముట్టకుంట ఇడిసిపెట్టిన.
అది నా బుజం దాటింది.
మేడమ్ వచ్చింది, చూసింది,
చేతుల ఉన్న టేపును
మెల్లగ సంచిల పెట్టుకున్నది.